పచ్చగాజుల చిలుక

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే తాత చినిగిన అట్టలకు ఉడికించిన మైదాపిండి పూస్తున్నాడు. ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. నాంపల్లి బడిలో నాతో చదివిన దోస్తులారా, మన క్రాఫ్టు క్లాసులో ఇదే వాసన కదా?

ఆ క్లాసులోనే ఒకసారి మా అమ్మవి పగిలిన గాజులన్నీ ఏరి అట్టమీద చిలుకను అతికించాను. పచ్చవి చాలక తోకకు ఒక్క పసుపు ముక్క పెట్టాను. ప్రదర్శనలో పెడతానని టీచరమ్మ తీసుకుపోయింది. వెళ్లి చూస్తే నా చిలుక కింద ఆమె బిడ్డ పేరుంది.

"టీచర్, గా చిలుక నాది గదా!"

"లొల్లి చెయ్యకు. నీకు చేతనైతది, ఇంకోటి చేసుకుంటవ్ తియ్యి."

ఇంకోటి చేయలేదు. ఆమెను ఇప్పటికీ తిట్టుకుంటాను.

నా బిడ్డ మూడో తరగతిలో గమ్ము కొనిమ్మంటే, "గవన్నీ ఎందుకే, లెక్కలు చెయ్యి" అని కసిరాను. నాలాగా మోసపోవద్దనుకున్నాను.

పోయినేడు జ్వరమొచ్చి నా బిడ్డ నాకు దక్కకుండా పోయింది. మొన్న ధైర్యం చేసి దాని బడిసంచి విప్పాను. పెన్సిల్ డబ్బా నిండా గాజుముక్కలు, నేను ఊడ్చి పారేసినవే. పచ్చవి ఒకపక్క, ఎర్రవి ఒకపక్క ఏరిపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి. గమ్ము ఒక్కటే లేదు.