దేవుడి పేరిట బోణీ టికెట్

గిరిజకు మనుషుల మీద నమ్మకం తక్కువ. అది పుట్టింటి నుంచి వచ్చిన గుణం. ఆమె తండ్రి నిజామాబాద్ బస్టాండ్‌లో లాటరీ టికెట్లు అమ్మేవాడు. బహుమతులన్నీ లాటరీ వాళ్ళ చుట్టాలకే పోతాయని రాత్రంతా తిట్టుకుని, తెల్లారి లేచి మళ్ళీ అవే టికెట్లు అమ్మేవాడు. ఆ తిట్లు వింటూనే ఆమె పెరిగింది.

ఇప్పుడు గ్రీన్‌కార్డు మీద అమెరికాలోని కాపెల్ ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటోంది. ఇక్కడి తెలుగు సంఘం ఏటా ఉగాదికి రాఫిల్ అని చిన్న లాటరీ పెట్టి, వచ్చిన డబ్బు ఆస్పత్రి పాలైన స్టూడెంట్లకు ఇస్తుంది. శనివారాలు ఇండియన్ గ్రోసరీ గుమ్మం ముందు బల్ల వేసుకుని ఆ టికెట్లు అమ్మేది గిరిజే. కారు నడపడం రాని మనిషికి నలుగురి మొహాలు కనబడేది అక్కడే. ఆ బల్లంటే ఆమెకు ప్రాణం.

అమ్మడం అమ్మడమే, అనుమానం అనుమానమే. కిందటేడు బహుమతిగా పెట్టిన గోల్డ్ కాయిన్, సంఘం సెక్రటరీ విద్య తోడికోడలికి తగిలింది. గిరిజ ఊరుకుంటుందా?

"వాళ్ళింటోళ్ళకే ఎట్ల తగుల్తది? ఏదో మతలబున్నది" అని పప్పులు కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళ చెవినా వేసింది.

"మా పాప మీద ఒట్టు ఆంటీ, నాకేం తెలీదు" అంది విద్య. గిరిజ మొహం పక్కకు తిప్పుకుంది.

ఈ ఏడు తనే కాపలా కాసింది. కొన్నవాళ్ళ పేరూ ఫోన్ నంబరూ రాసిన చీటీలన్నీ డబ్బాలో పడి మూతకు టేప్ అంటించేదాకా అక్కడి నుంచి కదల్లేదు. డ్రా రోజున ముందు వరసలో కూర్చుని, స్టేజీ మీద డబ్బా తిప్పుతున్న విద్య చేతుల మీదే కళ్ళు పెట్టింది.

ఒక చిన్నపిల్ల చీటీ తీసింది. విద్య మైకులో చదివింది. "వేంకటేశ్వర స్వామి!" హాలంతా గొల్లుమంది. "స్వామివారికి ఫోన్ నంబర్ కూడా ఉందండోయ్. కాల్ చేద్దామా?"

గిరిజకు అప్పుడు గుర్తొచ్చింది. అది బోణీ టికెట్. టికెట్ల పుస్తకంలో మొదటిది దేవుడి పేరిట తీయడం తండ్రి అలవాటు. ఆమె కూడా తన డబ్బుతోనే తీసింది. నంబరు లేకుంటే చెల్లదన్నారని తన నంబరు వేసింది. తగిలితే ఆ కాయిన్ తిరుపతి హుండీలో వేద్దామనుకుని, తర్వాత ఆ సంగతే మరిచిపోయింది.

విద్య ఆ నంబరు నొక్కింది. గిరిజ హ్యాండ్‌బ్యాగులో గుడి గంటల రింగ్‌టోన్ మోగింది, ఫుల్ వాల్యూమ్‌లో.

నవ్వులు ఆగిపోయాయి. "అమ్మిందీ ఆవిడే, గెలిచిందీ ఆవిడే. దొంగపేరు కూడానా!" అన్నారెవరో వెనక నుంచి.

"దేవుని మీద ఒట్టు, నేనేం చెయ్యలే" అంటూ గిరిజ లేచి నిలబడింది. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఇక ఆ బల్ల దగ్గర తన చేతి మీదుగా టికెట్ కొనేదెవరు?

విద్య మైకు పక్కన పెట్టి, కిందికి దిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను నమ్ముతున్నా ఆంటీ. ఇంకోసారి డ్రా తీద్దాం. వచ్చే ఏడు బల్ల దగ్గరికి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్తా, పక్కనే కూర్చుంటా."

గిరిజకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. అంతలోనే లోపలి పురుగు తొలిచింది. ఇంత జల్ది ఎట్ల నమ్మింది ఈ పిల్ల? తన తప్పు కప్పిపెట్టుకునేటందుకా? అయితే కిందటేడు నిజంగనే ఏమన్న మతలబు...

ఈ స్థితిలో కూడా అలాంటి ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆలోచన మాత్రం పోలేదు. విద్య చెయ్యి కూడా ఆమె వదల్లేదు.