రెండు తలుపుల అలమర

ఆలేరు స్టేషన్ ఎదుటి పాత హోటల్‌కు ఇవాళ సున్నం వేస్తున్నారు. ఆ తడి వాసనకు మా అలమర గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు, హోటల్ మూతపడ్డాక, దాని గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. గోడలోని అలమరలో ఒకసారి జామకాయ దాచాను. సాయంత్రానికి దాని బదులు ఖర్జూరాలున్నాయి. గోడే ఇచ్చిందనుకున్నాను. మనుషులతో మాట్లాడని నేను రోజూ గోడకు ఏదో ఒకటి పెట్టేదాన్ని.

ఒకరోజు ఏమీ దొరకలేదు. స్నేహం పోతుందని భయమేసి, "రేపు తెస్త, కోపం జెయ్యకు" అని లోపలికి గుసగుసలాడాను.

అలమర వెనుక చెక్క తెరుచుకుని, పక్క గదిలో ఉండే ముసలామె నానీమా ముఖం కనబడింది. "గోడకు కోపమెందుకు బిడ్డా? జర గిటు రా, చాయ్ తాగుదువు."

హోటల్ రోజుల్లో, పక్క గదిలోంచి వడ్డించేవాళ్ల కంటపడకుండా పరదా పాటించే ఆడవాళ్లకు భోజనం అందేందుకు ఆ అలమరకు అటూ ఇటూ తలుపులు పెట్టారని ఆమే చెప్పింది.

మరునాడు జామకాయతో వాళ్ల గుమ్మం దాకా వెళ్లి, సిగ్గేసి వెనక్కొచ్చి అలమరలోనే పెట్టాను. దాన్ని కట్టినవాళ్లకు నాలాంటివాళ్లు తెలిసే ఉంటారు.