తోక మింగాల్సిన మాట

తెలుగు మాట చివర నోరు తెరిచి ఉంటుంది, ఇంగ్లీషు మాట చివర మూసుకుంటుంది. ఏలూరు ఆడపిల్లల బడిలో మా ఇంగ్లీషు పంతులమ్మగారు చెప్పిన మొదటి పాఠం అదే. మేం చస్తే మూసేవాళ్లం కాదు. పద్యంలో హనీసకిల్ అనే పువ్వు వచ్చినప్పుడు నేను "హనీసకిలూ" అని సాగదీశాను. సకిలించడం గుర్రాల పని కదా, క్లాసంతా ఇహిహీ అని సకిలించింది.

పంతులమ్మగారు నవ్వలేదు. చప్పట్లు కొడుతూ ముక్కలు చేశారు: హ, నీ, స, కిల్. "రాత హో లాగే ఉంటుందమ్మా, పలికేది మాత్రం హ. బరువు దానిమీద వెయ్యి. చివర తోక మింగెయ్యి. హనీ అంటే తేనె, సకిల్ అంటే చప్పరించడం. మీరు నూరువరహాల పువ్వు కాడ పీకి చప్పరించరూ, అలాంటిదే." ఆ పువ్వును ఆవిడా చూడలేదట. హాస్టల్లో జడ అల్లుకుంటూ కూడా ఆ తోకే మింగుతూ ఉండేదాన్ని.

వేసవి సెలవులకు కొల్లేటిలోని మా లంక ఊరికి వెళ్లాను. నాన్నగారు తేల్చి చెప్పేశారు. "ఇంగ్లీషు తప్పుల్లేకుండా చదివితే ఇంకో రెండేళ్లు చదివిస్తానమ్మా. లేదంటే సంబంధం చూస్తాను." ఆయనకు ఇంగ్లీషు రాదు. తీర్పు చెప్పడానికి తాడేపల్లిగూడెం స్టేషనులో టిక్కెట్లిచ్చే మావయ్యను పిలిపించారు. చెట్టు లేని ఊళ్లో ఆముదం చెట్టే మహావృక్షం.

పద్యం గడగడా చదివాను. మావయ్య పుస్తకం లాక్కుని చూశాడు.

"తప్పండీ బావగారూ. హెచ్, ఓ, ఎన్. హోన్. హోనీసకల్ అనాలండీ."

"కాదండీ మావయ్యా, హనీసకిల్."

"ఎదురు చెప్పడం మాత్రం బాగా నేర్పారండీ బళ్లో!"

నాన్నగారు మావయ్య నెత్తిమీది రైలు టోపీ మాటే నమ్మారు.

బడి తెరిచారు. నేను వెళ్లలేదు. పొద్దున్నే ఏలూరు వైపు పోయే పడవలను కనుమరుగయ్యేదాకా చూసేదాన్ని. అన్నం కలుపుకుంటూ, ఇప్పుడు గ్రామరు క్లాసు, ఇప్పుడు గంట కొడతారు అనుకునేదాన్ని. ఆ బెంగ ఈ వయసులోనూ నన్ను వదల్లేదు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం పంతులమ్మగారే పడవ దిగి, బురద కాళ్లతో మా ఇంటికి వచ్చారు. నాన్నగారు చాప వేయించారు.

"ఏమనుకోకండమ్మా. మా పిల్లకి ఇంగ్లీషు అబ్బలేదండీ. ఏదో పువ్వు పేరు తప్పు పలికింది."

క్లాసంతా సకిలించిన రోజు ఆవిడకు గుర్తొచ్చినట్టుంది. "హనీసకిల్. అదేనా అండీ?" అన్నారు.

నాన్నగారు తలుపు పక్కన నిలబడ్డ నా వైపు చూశారు. అచ్చం నేను పలికినట్టే పలికారావిడ.

"గుండుగొలను సంబంధం ఖాయం చేసుకున్నామండీ. శ్రావణంలో ముహూర్తం" అన్నారు నాన్నగారు, ఆవిడ ముఖం చూడకుండా.

పడవ వెళ్లిపోయాక నా దగ్గరకొచ్చి, "నువ్వన్నదే ఒప్పంట కదమ్మా" అన్నారు.

"ఒప్పేనండీ" అన్నాను. తప్పన్ననాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.