నేరేడు రంగు ట్యాంకు

ఒక మనిషి తన బండికి తానే రంగు వేసుకుంటే ఊరు ఊరంతా తలుపులు మూసుకోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. పట్టపగలే చూశాను. ఆ రోజు నన్ను చూసి కుక్కలు మొరగలేదు, మనుషులు పలకలేదు, రచ్చబండ మీద పేకాడుతున్న వాళ్ళు ముక్కలు అక్కడే వదిలేసి ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. నేనేమో అదంతా నా పనితనానికి జరుగుతున్న మర్యాద అనుకుని, ముఖానికి కట్టుకున్న తుండుగుడ్డ కింద మీసం దువ్వుకుంటూ బండి నడిపాను. అంత తెలివైనవాణ్ణి.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో గుమాస్తాని. తొండూరు దాటాక లోపలికి వెళ్ళే మట్టిరోడ్డు చివర మా మేనమామ ఊరు. మామకు గొర్రెలున్నాయి, కొంత మెట్ట ఉంది, సులోచన అనే కూతురుంది. గొర్రెల మీద, మెట్ట మీద నాకు ఆశ లేదు. సులోచన మీద మాత్రం చెప్పలేనంత ఉండేది. మామకూ నా మీద కోపమేమీ లేదు. ఆయన కోపమంతా నా బండి మీద. మా నాయన వాడి వాడి వదిలేసిన మోటారు సైకిలు అది. ట్యాంకు మొత్తం తుప్పు.

"అల్లుడా, నువ్వు మంచోడివే. కాదనేదానికి ల్యా," అన్నాడు మామ ఒకరోజు. "ఆ తుప్పు బండి చూస్తేనే నాకు కడుపు రగులుకుంటాది. దాని మింద నా బిడ్డను ఎక్కిచ్చి పంపీల్నా? చూసినోళ్ళు ఏమనుకుంటారు? దాన్ని నున్నగ చేసుకోని రా, ముహూర్తం పెట్టుకుందాం. ల్యాకుంటే పులివెందుల సంబంధమొకటి వచ్చిండాది. వాళ్ళకు మాటిచ్చేస్తా."

అంటే నా పెళ్ళి ఒక పెట్రోలు ట్యాంకు మీద ఆధారపడి ఉంది. మెకానిక్కు దగ్గరికి పోతే సరిపోయేది. కానీ ప్రేమలో ఉన్నవాడికి అన్నీ తన చేత్తోనే చేయాలనిపిస్తుంది. అక్కడే కొంప మునిగింది.

ఏ రంగు వేయాలన్నది మొదటి చిక్కు. అవి ఫ్యాక్షను రోజులు. గోడకు ఒక రంగు వేస్తే ఒక పార్టీ, తలుపుకు ఇంకో రంగు వేస్తే ఇంకో పార్టీ. ఆ రెండు రంగుల పేర్లు ఇప్పుడు కూడా చెప్పను. మీరు ఏ పార్టీయో నాకేం తెలుసు? ఊరి మొగదల కల్వర్టు మీద కాపలా కూర్చున్నవాళ్ళు వచ్చే బండిని ట్యాంకు రంగు చూసే గుర్తుపట్టేవారు. ముఖం కనిపించేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోతుంది. అందుకని ఎవరిదీ కాని రంగు కావాలనుకున్నాను. నా జీవితంలో నేను చేసిన అతి జాగ్రత్త ఆలోచన అదే.

రంగుల అంగడి మస్తాన్ భాయ్‌కి చెప్పాను.

"భాయ్, ఎవురిదీ కాని రంగు కావాల."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, వెనక అరల్లో వెతికి, ఒక డబ్బా తెచ్చి దుమ్ము తుడిచాడు. మూత తీస్తే లోపల మగ్గిన నేరేడు పండు రంగు. అంత బాగున్న రంగు నేను అంతకుముందు చూడలేదు.

"ఇది యాడా దొరకదప్పా. మీ తొండూరు తట్టు నుంచి ఒకాయప్ప వచ్చి కలిపిచ్చుకునె. ఆయప్ప బండిది ఇదే రంగు. యాడనో గీసుకపోయిందంట. మళ్ళొస్తానని పోయినోడు రాల్యా. శానా దినాలాయ. నువ్వు తీసుకపో."

"బాగుంటాదా భాయ్?"

"బ్రహ్మాండంగ ఉంటాది. పక్కన వెండి చార ఒకటి గియ్యి. ఆయప్ప బండికి అట్లనే ఉండె. పైన మెరుగు పూత కొట్టిచ్చుకోవల్ల, మర్చిపోవాకు. ల్యాకుంటే పెట్రోలు తగిలితే రంగు కరుగుతాది."

చివరి మాట తప్ప అన్నీ విన్నాను.

ఇంటికొచ్చి ట్యాంకు విప్పి, అందులోని పెట్రోలును అమ్మ నీళ్ళు కాచుకునే ఇత్తడి బిందెలోకి వంపాను. ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయదగినది కాదు. ఉప్పుకాగితంతో తుప్పు రుద్దాను. దోమల మందు కొట్టే పంపు కడిగి, అందులో రంగు పోసి, వసారాలో నిలబడి కొట్టాను. ట్యాంకుకు పడింది. గోడకు పడింది. అమ్మ ఎండబెట్టిన వడియాలకూ కొంత పడింది. ట్యాంకు మూతను కూడా వదలకుండా కొట్టేసి, రెండు పక్కలా వెండి చారలు గీశాను.

"ఏందిరా గంగాధరా, ఆ రంగును చూస్తాంటే ఒళ్ళు గగ్గురుపొడుస్తాంది," అంది అమ్మ.

"నీకు కళాదృష్టి ల్యాదుమా."

ఆదివారం తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని, దుమ్ముకు ముఖం నిండా తుండుగుడ్డ చుట్టుకుని బయలుదేరాను. జమ్మలమడుగులో ఒక స్నేహితుడికి బండి చూపించి, ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. నిండి పొర్లింది. పొర్లినదాన్ని చేత్తో తుడిచేసి కదిలాను. మోకాళ్ళ దగ్గర కాస్త జిగటగా అనిపించింది. చెమట అనుకున్నాను.

తొండూరు దాటి మట్టిరోడ్డు ఎక్కాక అంతా మారిపోయింది. మామ ఊరి కల్వర్టు మీద ఎప్పటిలాగే ఇద్దరు కూర్చుని ఉన్నారు. దూరం నుంచి నా బండిని చూసి లేచి నిలబడ్డారు. ఒకడి నోట్లోని బీడీ కింద పడింది. వాడు దాన్ని తీసుకోలేదు. నేను చెయ్యి ఊపాను. వాళ్ళు ఊపలేదు. వెనక్కి తిరిగి చూస్తే కల్వర్టు మీద ఎవరూ లేరు. ఇద్దరు మనుషులు చుట్టూ పొలాలున్న చోట అంత తొందరగా ఎక్కడికి పోయారో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

ఊళ్ళోకి వచ్చాను. వీధి మొదట్లో బోరింగు కొడుతున్న ఆడవాళ్ళు కొట్టడం ఆపేశారు. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. బిందెలు అక్కడే వదిలేసి, నన్ను చూస్తూనే వెనక్కి నడుచుకుంటూ ఇళ్ళలోకి పోయారు. ఒక తలుపు మూసుకుంది. తర్వాత దాని పక్కది. నేను పోతున్న కొద్దీ నాకు ముందు ముందే గడియలు పడుతున్న చప్పుడు. కుక్కలు లేచి, తోక ముడుచుకుని పక్కకు జరిగాయి. ఊరంతటికీ నా ఇంజను మోత ఒక్కటే మిగిలింది. రంగు అదిరిపోయింది అనుకున్నాను. అవును, సరిగ్గా ఇవే మాటలు అనుకున్నాను.

అప్పుడు ఆ మోత కూడా ఆగిపోయింది. నిండా పెట్రోలు ఉన్న బండి, ఒక పాత మిద్దె ముందు, ఎవరో పట్టి ఆపినట్టు ఆగింది. ఎంత తన్నినా కదల్లేదు. కిందికి చూసుకున్నాను. నా తెల్ల ప్యాంటు తొడల దగ్గర నుంచి మోకాళ్ళ దాకా ఎర్రగా తడిసి ఉంది. అరచేతులు ఎర్రగా ఉన్నాయి. చొక్కా మీద పొట్ట దగ్గర నా చేతివేళ్ళ గుర్తులున్నాయి. ట్యాంకు మీది నేరేడు రంగు పెట్రోలుకు కరిగి, పలచబడి, ఎర్రగా వెండి చార మీదుగా మెల్లగా కారుతోంది. ఆ క్షణంలో నాకు మొదటిసారి భయమేసింది. ఎందుకో తెలియకుండానే వేసింది.

మిద్దె తలుపు తెరుచుకుంది. ఊరంతటిలో తెరుచుకున్న తలుపు అదొక్కటే. ఒక ముసలావిడ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. గంగులమ్మవ్వ. మామ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె నాకు కనిపించేది. ఆమె కొడుకు సుబ్బన్నను ఆ ఎండాకాలం మొదట్లో కల్వర్టు దగ్గర కాపు కాసి నాటుబాంబులు వేసి చంపారు. నేను పేపర్లో చదివానే గానీ అతన్నీ, అతని బండినీ ఎప్పుడూ చూడలేదు. పేపర్లో మనిషి పేరు వేస్తారు. బండి ఏ రంగుదో వెయ్యరు.

అవ్వ వచ్చి ట్యాంకు మీద చెయ్యి వేసింది. చారను వేలితో కొస దాకా తడిమింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చినావా నాయనా. ఇంతసేపు యాడుంటివి? సంగటి చల్లారిపాయ గదా."

ఆమె చెయ్యి చల్లగా ఉంది. నేను సుబ్బన్నను కాదని చెప్పాలి. తుండుగుడ్డ విప్పాలి. రెండూ చేయలేకపోయాను. అంతకన్నా భయంకరమైన సంగతి ఒకటి చెబుతాను, నవ్వొద్దు. ఆమె అడిగిన తీరుకు ఒక్క క్షణం నేను ఎవరో నాకే అనుమానం వచ్చింది.

ఇంతలో ఎదురు మిద్దె మీద నుంచి మామ గొంతు. గొర్రెలు తప్పిపోతే వెతుక్కుంటూ అడవిలో ఒంటరిగా పడుకునే మనిషి, ఆ రోజు పిట్టగోడ వెనక దాక్కుని మాట్లాడుతున్నాడు.

"సుబ్బన్నా, నీకూ మాకూ ఏం ల్యాదప్పా. మేం ఎవురి జోలికీ పోయినోళ్ళం కాదు. నువ్వు వచ్చిన దావనే పో."

పక్కనే సులోచన తల పైకెత్తింది.

"నాయనా, దయ్యాలకు కాళ్ళు ఎనక్కి తిరిగుంటాయంటారు గదా. ఈయప్పవి దొడ్డికాళ్ళు. అది మా బావ."

"గమ్ముండు."

"ఆ కాళ్ళు నాకు తెలీవా? మా బావే."

నా కాళ్ళను ఎవరైనా పొగిడారంటే అదొక్కసారే. సులోచన కిందికి వచ్చి, అవ్వ చేతిలోంచి నా చెయ్యి మెల్లగా విడిపించి, తుండుగుడ్డ లాగేసింది. అవ్వ నా ముఖం చాలాసేపు చూసింది. ఏడవలేదు. "వీడు కాదు," అని చెప్పి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రెండు మాటలకు నాకు కలిగిన సిగ్గు, దుఃఖం నా మీద పడిన రంగు కన్నా ఎక్కువ కాలం నన్ను వదల్లేదు.

మామ మాత్రం వారానికి గానీ తేరుకోలేదు. ఆ రోజు దూరంగా నిలబడే తీర్పు చెప్పాడు.

"అల్లుడా, బిడ్డనిస్తా. నీకే ఇస్తా. గానీ ఆ రంగుతో మళ్ళా మా ఊరికి రావాకు. ఆ ట్యాంకు ముందు మాదిరి తుప్పు పట్టినాకే రా."

ఆగిన బండిని ట్రాక్టరు మీద ఇంటికి చేర్చి, ట్యాంకు మీది రంగు గీకాను. మూతకుండే గాలి రంధ్రం రంగుతో పూడుకుపోయి ఉంది. ఇంజనుకు పెట్రోలు అందక ఆగిందన్నమాట. నాకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా ఆ ఇంటి ముందే ఎందుకు ఆగిందని మాత్రం దయచేసి అడగకండి. తర్వాత మిగిలిన రంగు డబ్బా చంకలో పెట్టుకుని మస్తాన్ భాయ్ మీద యుద్ధానికి పోయాను.

"ఏం భాయ్, చచ్చిపోయినోడి రంగు నాకు అంటగడతావా?"

"చచ్చిపోయిందెవురప్పా? ఆయప్ప మొన్న వచ్చినాడే. డబ్బా యాడ అని అడిగె. నువ్వు తీసుకపోయినావని చెప్తి. మీ ఇంటి గుర్తులు గూడా చెప్తి."

భాయ్‌కి చూపు ఆనదని ప్రొద్దుటూరంతా అంటుంది. ఎవరిని చూసి ఎవరనుకున్నాడో. నేనూ అదే నమ్ముతున్నాను. చాలా గట్టిగా నమ్ముతున్నాను. ఆ నమ్మకంతోనే మర్నాడు మొదటి బస్సుకు తొండూరు పోయి, అక్కడి నుంచి నడిచి, ఆ డబ్బా గంగులమ్మవ్వ గడప ముందు పెట్టాను.

"అవ్వా, ఇది మీ సుబ్బన్న కలిపిచ్చుకున్న రంగు."

"ఆడ పెట్టు నాయనా," అంది అవ్వ తల ఎత్తకుండా చేటలో బియ్యం ఏరుకుంటూ. "తెస్తాండావని చెప్పినాడులే."

ఎవరు చెప్పారని నేను అడగలేదు. బస్సు దాకా పరిగెత్తాను.

కడప ఎండల్లో ట్యాంకు తుప్పు పట్టించడం ఎంత కష్టమో మీకు తెలియదు. పొద్దునా సాయంత్రం దానికి నీళ్ళు పోసి పెంచాను. చివరికి ఆ తుప్పు బండి మీదే సులోచనను తెచ్చుకున్నాను. ఆమె పెళ్ళిచీర మీద పడిన తుప్పు మరక ఇప్పటికీ పెట్టెలో భద్రంగా ఉంది.

అందుకని ఇందుమూలంగా అందరికీ తెలియజేసుకుంటున్నాను. ఈ జన్మలో నేను కుంచె ముట్టను, పంపు పట్టను, గోడకు సున్నం కూడా కొట్టను. ఇంట్లో రంగుల పని పడితే సులోచనే చూసుకుంటుంది. నేను అంగడి దాకా తోడు పోతాను. డబ్బా మూత తెరవకముందే ఒక్క మాట మాత్రం అడుగుతాను.

"అప్పా, ఇది ఎవురన్నా కలిపిచ్చి పెట్టుకున్యదా?"