అక్క కుర్చీ, ఊరి చివర ఇల్లు

మా అక్క ఎవరి మొహంలోకీ సూటిగా చూసి మాట్లాడదు. అది పొగరు కాదు, వృత్తి. పెళ్లికి ముందు నుంచీ జుట్టు కత్తిరిస్తోంది. కుర్చీలో ఉన్నవాళ్ల వెనక నిలబడి, ఎదురుగా ఉన్న అద్దంలోకి చూస్తూ గలగలా కబుర్లు చెబుతుంది. ఎదురెదురుగా కూర్చోబెడితే మాత్రం నీళ్లు నములుతుంది. బావ సంగతి సరేసరి. లిఫ్టులు బాగుచేసే మనిషి. రోజంతా ఇరుకు గోతుల్లో ఒంటరిగా పనిచేసి చేసి నోరు విప్పడమే మరిచిపోయాడు. నెలకోసారి ఆయన అక్క కుర్చీలో కూర్చున్నప్పుడే ఆ మొగుడూ పెళ్లాలు మనసులో మాట చెప్పుకునేది.

పోయిన వేసవిలో ఊరి చివర కట్టిన కొత్త ఇల్లు చూడటానికి వాళ్లతో నేనూ వెళ్లాను. తెల్లటి గోడలు, మెట్ల కింద అలమర, వెనక కాస్త పచ్చిక. ధర వింటే నాకు కళ్లు తిరిగాయి. అది కొనాలంటే అక్క తన షాపు అమ్మేయాలి. అంటే తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ ఇల్లు ఈ షాపు విలువ చేస్తుందా?

"బాగుంది కదూ?" అంది అక్క పచ్చికను చూస్తూ.

"నీకు నచ్చితే నాకేం," అన్నాడు బావ పైకప్పు చూస్తూ.

అంతే. అవతలివాళ్లే మోజుపడ్డారని ఇద్దరికిద్దరూ అనుకున్నారు. నాకు ఒళ్లు మండింది. "ఇంటికెళ్లి తీరిగ్గా మాట్లాడుకోండి," అన్నాను. ఇంటికెళ్లి టీవీ చూశారు.

మర్నాటి నుంచి అక్క షాపులో ఇదే కబురు. కొనాలా వద్దా అని నసిగితే వినేవాళ్లకి ఏం సరదా? "కొంటున్నాం," అనేసింది. తల వంచి కూర్చున్న ప్రతివాళ్లకీ అదే చెప్పింది. రిటైరైన టీచరమ్మ కొత్తింటికని కర్టెన్లు కుట్టి తెచ్చింది. పక్కనున్న మందుల షాపాయన గోడ గడియారం ఇచ్చాడు. వీధి మలుపులో పళ్లరసం అమ్మే అతను షాపు తనకే ఇమ్మని బేరానికి దిగాడు.

"ఇంతమంది ముందు గొప్పలు పోయి, ఇప్పుడు కాదని ఎలా అంటాన్రా?" అంది అక్క నా జుట్టు కత్తిరిస్తూ. అద్దంలో ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "ఈ షాపు లేకపోతే నాకు ఊపిరాడదు."

"ఆ మాటేదో బావతో అనొచ్చుగా అక్కా?"

"ఆయన ఎంత ఆశపడ్డారో! నువ్వు నోరు జారావో, నా మీద ఒట్టే."

ఆ నెల బావకు కత్తిరింపు లేదు. రేపు, ఎల్లుండి అంటూ అక్క దాటేసింది. ఆయనా అడగలేదు. జుట్టు చెవుల మీదికి పడుతున్నా చేత్తో వెనక్కి తోసుకుంటూ తిరిగాడు. ఉండబట్టలేక ఒకరోజు, "ఇల్లు అవసరమా బావా?" అని కదిపాను.

"మీ అక్క ఇన్నేళ్లూ నిలబడే ఉంది. ఇకనైనా కూర్చోనీ," అన్నాడు.

అక్క పెట్టిన ఒట్టు గుర్తొచ్చి నేను లేచి వచ్చేశాను. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లను బయటికి లాగే మనిషి, ఏ మీటా లేని చోట ఇరుక్కుపోయాడు.

సంతకాలయ్యాయి. సామాను చేరింది. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి బాత్‌రూమ్‌లో బావ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఇంట్లో అద్దం ఉన్నది అక్కడే. ఆఫీసులో ఎవరో గడ్డి పెట్టడంతో ఇక తప్పలేదట. అక్క వెనక నిలబడి కత్తిరిస్తోంది. నేను గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. ఒక వైపు అయింది. బావ తలెత్తాడు. అద్దంలో ఇద్దరి కళ్లూ కలిశాయి.

"నాకీ ఇల్లు మొదట్నుంచీ నచ్చలేదు," అన్నాడు బావ. "నువ్వు ముచ్చటపడ్డావని ఊరుకున్నా."

కత్తెర ఆగింది.

"మీకోసం కాకపోతే నేను షాపు అమ్ముకుంటానా?" అంది అక్క.

ఆ షాపులో ఇప్పుడు పళ్లరసం అమ్ముతున్నారు. అద్దం ఉన్న చోట ధరల బోర్డు పెట్టారు. అది ముగ్గురికీ తెలుసు. ఏడవాలో తిట్టాలో నాకు అర్థం కాలేదు.

బావ మెల్లగా తల వంచాడు.

"రెండో వైపు కూడా కానియ్యి," అన్నాడు.