ప్లాట్‌ఫారం మీద మిరపకాయలు

పోయిన వారం నేనెక్కిన ఎక్స్‌ప్రెస్ ఒంగోలు దాటి చీరాల వైపు పోతుండగా, సరుగుడు తోటల సందులో ఉప్పు మడులు తెల్లగా మెరిశాయి. వాటి అవతల సముద్రం ఉందని నమ్మాలి, కనబడదు. వెంటనే నాకు తుమ్ము వచ్చింది. పక్క సీటావిడ ఏసీ తగ్గించమని ఎవరికో చెప్పింది. ఏసీ పాపం ఏమీ ఎరగదు. ఆ ఉప్పు మడులు దాటితే మా బాబాయి పనిచేసిన స్టేషన్. ఆ సంగతి నాకంటే ముందు నా ముక్కుకి తెలుస్తుంది.

బాబాయి అంటే మా పిన్ని భర్త, ఆ స్టేషన్ మాస్టరు. ప్యాసింజర్లు మాత్రమే ఆగే చిన్న స్టేషన్. ఎక్కేవి నిండు చేపల బుట్టలు, దిగేవి ఖాళీ బుట్టలు; మనుషులు వాటికి తోడు వచ్చినట్టుండేవారు. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చేలోపు ఇంటికి దూరంగా ఉండటం మంచిదనుకుని ఆ వేసవి వాళ్ళ క్వార్టర్స్‌లో గడిపాను. పిన్నిది చిలకలూరిపేట దగ్గర మిరప పండే ఊరు. ఏటా పుట్టింటి నుంచి ఒక బస్తా కాయలు వచ్చేవి. ఎండబెట్టి, తొడిమలు తీసి, దంచి, ఆ కారంతోనే ఆవకాయ పెట్టేది. సముద్రం పక్కకి బదిలీ అయిన ఆ ఏడు అమ్మమ్మ ఒకే మాట అంది: "ఆ ఉప్పుగాలిలో కాయేం ఎండుతుందే. ఈసారికి కారం కొనుక్కో." కొన్న కారంతో ఆవకాయ పెట్టడమంటే పిన్ని దృష్టిలో ఇంకొకరి చేత పరీక్ష రాయించుకోవడమే.

తీరా అమ్మమ్మ మాటే గెలిచేలా ఉంది. పగలంతా పట్టా మీద ఎండిన కాయ సాయంత్రం గాలి తగలగానే మెత్తబడేది. నాలుగో రోజు పిన్ని ఒక గుప్పెడు చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గింజల గలగల లేదు. అప్పుడు ఆమె చూపు కంచె దాటి ప్లాట్‌ఫారం మీద పడింది. కాలు పెడితే బొబ్బలెక్కే నాపరాళ్ళు. కాయలు ఆరబోయడానికి అంత పొడుగు కళ్ళం మా వైపు ఏ ఆసామికీ లేదు.

"కుదరదు," అన్నాడు బాబాయి. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క రిమార్కు లేదు. ఎవరూ అడగకుండానే ఆ మాట రోజుకొకసారి చెప్పేవాడు.

"మీ ప్లాట్‌ఫారం ఏం అరగదు లెండి. బళ్ళు లేనప్పుడేగా పోసేది."

రెండు రోజులు మజ్జిగ పల్చబడ్డాక ఒప్పందం కుదిరింది. పన్నెండుకి ప్యాసింజర్ పోయాక పరవాలి, మూడింటికి మెయిల్ రాకముందే ఎత్తాలి. పిన్ని రోజూ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, "లైన్ క్లియరేనా అండీ?" అని అడిగేది. ఆయన రిజిస్టర్ చూసి, "క్లియర్," అనేవాడు. అప్పుడు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భాయి, పిన్ని, నేను బస్తా ఈడ్చుకెళ్ళేవాళ్ళం.

మూడో రోజు, పొద్దున పోవలసిన ఎక్స్‌ప్రెస్ ఒకటి ఆలస్యంగా వస్తోందని ఫోన్ వచ్చింది. అప్పటికే ప్లాట్‌ఫారం ఎర్రగా ఉంది. భాయి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, ఎక్స్‌ప్రెస్సండీ, ఇక్కడ ఆగదు." పిన్ని పట్టా కప్పబోయింది. "కాయలొదిలెయ్యవే, వెనక్కి రా," అని బాబాయి జెండా పట్టుకుని అరిచాడు. నా ముందు ఆయన పిన్నిని 'వే' అనడం అదే మొదలు.

బండి గాలికి బస్తాడు కాయలూ లేచాయి. స్టేషన్ మాస్టరు పచ్చజెండా కదలకుండా పట్టుకోవాలి. ఏ రంగు జెండా అయినా గట్టిగా ఊపితే ప్రమాదమని అర్థం. బాబాయి వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు. జెండా కూడా ఆయనతోపాటే తుమ్మింది. చివరి పెట్టెలో గార్డు అది చూసి బండి ఆపించాడు.

చాలా దూరం వెనక్కి నడిచి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు గార్డు. "ఏంటి మాస్టారూ, ఏమైంది?" బాబాయి ఇరవయ్యేళ్ళ సర్వీసునీ జెండాతోపాటు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. పిన్ని మజ్జిగ గ్లాసుతో ముందుకొచ్చింది.

"నేనే పోశానండీ. ఆయన వద్దనే అన్నారు. ఏం రాసినా నా పేరు రాసుకోండి."

గార్డు మజ్జిగ తాగి, వంగి ఒక కాయ తీసి నలిపి చూశాడు. "ఎక్కడి కాయమ్మా ఇది?"

"చిలకలూరిపేట దగ్గరండీ."

"అనుకున్నా. మాది నరసరావుపేట. ఇంకా మెత్తగానే ఉంది, ఇప్పుడే దంచబాకండి."

బండి వివరాలు రాసే తన పుస్తకంలో మాత్రం, సముద్రపు గాలికి జెండా ఊగినందున బండి ఆగిందని రాసుకున్నాడు. గాలి సంగతి నిజమే; సముద్రానిది అనడమే కొంచెం అతిశయోక్తి. బాబాయి రిమార్కు లేకుండానే రిటైరయ్యాడు గానీ, ఆ రోజు నుంచి ఆ మాట చెప్పడం మానేశాడు.

సగం కాయలు పట్టాల మధ్య పడ్డాయి. వాటిని పిన్ని తాకలేదు; పెట్టెల కింద ఇంకా ఏమేం పడతాయో తెలిసినావిడ. మిగతా సగం ప్లాట్‌ఫారం చివర ఉన్న పాత రేకుల షెడ్డు మూలకి కొట్టుకుపోయాయి. సాయంత్రం ఏరబోతే గలగలమన్నాయి. సముద్రపు గాలి దూరని చోటు, కాలిన రేకుల వేడి ఆ స్టేషన్ మొత్తానికి అక్కడే ఉన్నాయి. పిన్ని ఒక గుప్పెడు నా చెవి దగ్గర ఊపి, "విన్నావుటే?" అంది. ఆ ఏడు ఆవకాయ సగమే పెట్టింది. అందులో ఒక జాడీ గార్డుకి, ఒకటి అమ్మమ్మకి వెళ్ళాయి. అమ్మమ్మ రెండో ముద్ద కలుపుకుంటూ, "ఏ ఊరి కారమే ఇది?" అని మాత్రం అంది.

పిన్ని ఇప్పుడు గుంటూరులో అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరబోస్తోంది. బాబాయి పక్కన కుర్చీ వేసుకుని, ఆకాశం చూసి, "క్లియర్," అంటాడు. మూడు గంటల ఎండ కోసం పిన్ని రెండు రోజులు పోట్లాడి సాధించుకున్న ఆ ప్లాట్‌ఫారం, పోయిన వారం రైల్లో నేను తుమ్మి కళ్ళు తెరిచేలోపు వెనక్కి వెళ్ళిపోయింది.