ఘనీ కొనిపించిన చిన్న పిస్తోలు

అబ్దుల్ ఘనీ కంటికి ప్రపంచంలో ప్రతి వస్తువూ ఒక సైజు ఎక్కువే. ఎవరు ఏది కొనబోయినా పక్కన చేరి "చిన్నది చాల్లేప్పా" అనకపోతే ఆయనకి తిన్నది అరగదు.

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఒకే కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంట్లో ఘనీ డ్రైవరు, మౌలాలి వంటవాడు. ఇద్దరిదీ కడపే, ఉండేదీ ఒకే గదిలో. ఆ పాపానికి మౌలాలి అనుభవించాడు. ఊరికి వెళ్తూ పెద్ద సూట్‌కేసు కొనబోతే ఘనీ పోరు పెట్టి చిన్నది కొనిపించాడు. తీరా చూస్తే భార్యకి కొన్న రెండు దుప్పట్లూ అందులో పట్టలేదు. మౌలాలి వాటిని కప్పుకునే విమానం ఎక్కాడు. పక్క సీటాయన జ్వరమేమోనని లేచిపోయాడు.

అంతకన్నా పెద్ద బాధ టీతో. మౌలాలి గ్లాసు నిండా పోసిస్తే, ఘనీ సగం సింకులో ఒంపేసి యజమాని కూర్చునే మజ్లిస్ గదిలోకి తీసుకెళ్లేవాడు.

"ఘనీ, మిగతాది దారిలో తాగేశావా?" అని కఫీలు అబూ ఫహద్ నవ్వేవాడు.

"చిన్నది చాలు బాబా. మళ్లీ తెస్తా." మళ్లీ తెచ్చేవాడు, మళ్లీ సగమే.

డెబ్బై దాటిన అబూ ఫహద్‌కి పాత పిస్తోళ్లంటే ప్రాణం. అన్నిటికీ లైసెన్సులున్నాయి, అన్నీ గాజు బీరువాలో ఉన్నాయి. ఏడాదిగా తుడవడమే తప్ప పేల్చడం లేదు. తమ్ముడు తుర్కీ కన్ను ఆ బీరువా మీదే. ఆ ఏడు, 2008లో, ఒక పాతకాలపు సైనిక పిస్తోలును మళ్లీ తయారుచేసి అమ్మకానికి పెట్టారు. పెద్దాయన మనసు పడ్డాడు.

"కొనుక్కో. శుక్రవారం దాంతో గురి కొట్టి చూపించు. కొట్టలేకపోతే వయసైందని ఒప్పుకుని బీరువా నాకిచ్చెయ్" అన్నాడు తుర్కీ.

పౌరుషం కొద్దీ అన్నగారు సరేనన్నాడు.

దుకాణానికి అందరూ వెళ్లారు. ఆ పిస్తోలు రెండు కాలిబర్లలో, అంటే రెండు గుండు సైజుల్లో, ఉంది: తొమ్మిది ఎం.ఎం., పాయింట్ ఇరవై రెండు.

"ఏందప్పా, చెప్పులకున్నట్టు దీనికీ నంబర్లుంటాయా?" అని ఘనీ మౌలాలి చెవిలో గొణిగాడు. "ఏది చిన్నది?"

అసలు పిస్తోలు తొమ్మిదే, సేకరణకి అదే అందమన్నాడు దుకాణదారు. ఇరవై రెండు పిల్లల బొమ్మన్నాడు తుర్కీ. అబూ ఫహద్ తొమ్మిదిని చేతిలోకి తీసుకుని గుండు ఎక్కించే పైభాగం, ఆ స్లయిడు, వెనక్కి లాగబోయాడు. అది సగం కూడా కదల్లేదు.

"చిన్నది చాలు బాబా!" ఘనీ అందుకున్నాడు. "చిన్నది చాలు. చిన్నదే చాలు!"

మౌలాలికి తల కొట్టేసినట్టయింది. పెద్దాయన మాత్రం పిస్తోలు కింద పెట్టి, "వీడి పోరు నేను పడలేను. చిన్నదే కట్టు" అన్నాడు విసుగ్గా.

శుక్రవారం గురి కొట్టే రేంజిలో, పెద్దాయన రెండు చేతులా గట్టిగా పట్టుకోగా, ఆ చిన్నది చిటుక్కుమంది. గురి అట్టకి సరిగ్గా నడుమ చిల్లు పడింది. మళ్లీ చిటుక్కు, మళ్లీ నడుమనే. తుర్కీ అట్ట దగ్గరికి వెళ్లి వేలుపెట్టి చూసుకుని, వచ్చి అన్న నుదుటిని ముద్దుపెట్టుకున్నాడు. ఘనీ ఎగిరి గంతేశాడు. బీరువా ఇల్లు దాటలేదు.

ఇంటికొచ్చాక ఆ సంబరంలో మౌలాలి తనే టీ పట్టుకెళ్లాడు, గ్లాసు నిండా. అబూ ఫహద్ అందుకోగానే చెయ్యి వణికి సగం టీ ఒంటి మీది తెల్లటి తోబు మీద ఒలికింది. తుర్కీ తల తిప్పేలోగా ఘనీ మధ్యలో దూరాడు.

"ఎన్నిసార్లు చెప్పినానప్పా మౌలాలీ, చిన్నది చాలని! అంత నిండా పోస్తే ఎవురి చేతిలోనన్నా ఒలకదా?"

సింకులో పోసిన టీ అంతా మౌలాలికి ఒక్కసారిగా అర్థమైంది. ఊరికి వెళ్లే ముందు తన నడుము పట్టేసి బరువెత్తలేకపోయిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఘనీ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

వంటింట్లోకి వెళ్లి సగం గ్లాసు పోసుకొచ్చాడు.

"చిన్నది చాలు బాబా" అన్నాడు.

పెద్దాయన ఘనీ వంక చూసి, మీసాల్లోనే నవ్వుకుంటూ గ్లాసు అందుకున్నాడు. చుక్క కూడా ఒలకలేదు.

దుప్పట్ల సంగతి మాత్రం మౌలాలి ఇప్పటికీ క్షమించలేదు.